ఏడంగుళాల ప్లేటులో ఎన్ని పాటలు పడతాయి?

పాత తెలుగు సినిమా పాట ఏదైనా ఇంటర్నెట్టులో వెతికి చూడండి. ఒకే పాట రెండు మూడు రకాలుగా దొరుకుతుంది. ఒకదాంట్లో రెండు చరణాలుంటే ఇంకోదాంట్లో మూడుంటాయి. ఒకచోట గొంతు కాస్త పైశ్రుతిలో, హడావుడిగా వినిపిస్తుంది. మరోచోట అదే గొంతు నిదానంగా, బరువుగా ఉంటుంది. వీటిలో అసలు పాట ఏది అని అడిగితే రెండూ అసలువే. ఒకటి సినిమా రీలు నుంచి వచ్చింది, రెండోది రికార్డు నుంచి. ఆ రికార్డు చాలాసార్లు ఏడంగుళాల చిన్న ప్లేటు. దాన్ని ఈపీ అనేవాళ్లు.

సినిమా పాటలను ఆ ప్లేటు భద్రపరిచిందని మనం అనుకుంటాం. అది నిజమే గానీ సగం నిజం. ఆ ప్లేటు పాటలను ఎంపిక కూడా చేసింది. ఎనిమిది పది పాటలున్న సినిమాలోంచి ఏ నాలుగు బయటికి రావాలి, ఏ చరణం ఎగిరిపోవాలి, ఏ పద్యం థియేటర్‌లోనే ఆగిపోవాలి అన్నది చాలావరకు దాని వెడల్పే తేల్చింది. ఎలా తేల్చిందో తెలియాలంటే కొంచెం లెక్కల్లోకి వెళ్లాలి, అంతకుముందు లక్క దగ్గరికి వెళ్లాలి.

లక్క ప్లేటు, మూడు నిమిషాల ఇరవై సెకన్లు

ఈపీకి ముందు మన దేశంలో రికార్డు అంటే 78. నిమిషానికి 78 సార్లు తిరిగే పదంగుళాల ప్లేటు. దాన్ని చేసేది లక్కతో. లక్క పురుగు చెట్టు కొమ్మల మీద స్రవించే జిగురును శుద్ధి చేసి, దాంట్లో రాతిపొడి, మసి లాంటివి కలిపి, వేడి మీద అచ్చు వేసేవాళ్లు. ప్రపంచంలోని రికార్డు కంపెనీలన్నిటికీ ఆ లక్క ఎక్కువగా మన దేశం నుంచే వెళ్లేది. హైదరాబాదు లాడ్ బజారులో గాజులు చేసేదీ లక్కతోనే. కిందపడితే గాజు పగిలినట్టే ప్లేటూ పగిలేది.

గ్రామఫోన్ కంపెనీ కలకత్తాలో 1908లోనే రికార్డుల ఫ్యాక్టరీ పెట్టింది. 1928లో దాన్ని డమ్‌డమ్‌కు మార్చింది. తర్వాత చాలా దశాబ్దాల పాటు తెలుగు పాట మద్రాసులో పుట్టి, కలకత్తాలో ప్లేటయి, మళ్లీ బెజవాడ, హైదరాబాదు దుకాణాలకు రావడమే పద్ధతి. హెచ్ఎంవీ, కొలంబియా, ఓడియన్, ఏంజెల్ అని పేర్లు వేరువేరుగా కనిపించినా వెనకున్న కంపెనీ ఒకటే. మద్రాసులో ఈ వ్యాపారం ఎంత ముఖ్యమైందంటే, ఏవీఎం స్టూడియో పెట్టిన మెయ్యప్ప చెట్టియార్ మొదట పేరు తెచ్చుకున్నది సరస్వతీ స్టోర్స్ పేరుతో గ్రామఫోన్ రికార్డుల వ్యాపారంలోనే. పాటలు అమ్మిన మనిషి తర్వాత సినిమాలు తీశాడు.

పదంగుళాల 78 ప్లేటు మీద ఒక్కో వైపు పట్టేది సుమారు 3 నిమిషాల 20 సెకన్లు. పల్లవి, రెండు చరణాలు, మధ్యలో వాద్య సంగీతం, మళ్లీ పల్లవి. అంతే. మన సినిమా పాట మూడు నిమిషాల చిల్లర దగ్గర స్థిరపడిపోవడానికి ఈ ప్లేటు ఒక పెద్ద కారణం. సినిమాలో పాట ఎంతసేపైనా నడవొచ్చు, రీలుకి ఆ ఇబ్బంది లేదు. కానీ ప్లేటు మీదికి రావాలంటే కుదించుకోవాలి. లేదంటే పాటను రెండుగా కోసి ప్లేటుకి ఇటు సగం, అటు సగం వేయాలి. ‘జగదేకవీరుని కథ’ (1961)లో పెండ్యాల నాగేశ్వరరావు కట్టిన ‘శివశంకరీ’ లాంటి పాట అయిదు నిమిషాలు దాటిపోతుంది. అలాంటిది 78లో ఒక వైపు పట్టే ప్రశ్నే లేదు.

టాకీల తొలి రోజుల్లో ఇంకో తంతు ఉండేది. సినిమాలో వినిపించిన పాట, రికార్డులో వినిపించిన పాట విడివిడిగా పాడినవే అయ్యుండేవి. షూటింగులో పాడింది ఒకసారి, గ్రామఫోన్ కంపెనీ కోసం పాడింది ఇంకోసారి. కొన్నిసార్లు గొంతులే మారిపోయేవి. ప్లేబాక్ పద్ధతి స్థిరపడ్డాక, సినిమా కోసం చేసిన రికార్డింగునే ప్లేటు మీదికి ఎక్కించడం మామూలైంది.

చిన్న ప్లేటు పుట్టుక

ఏడంగుళాల ప్లేటు మన దగ్గర పుట్టలేదు. అమెరికాలో 1948లో కొలంబియా కంపెనీ నిమిషానికి 33⅓ సార్లు తిరిగే పెద్ద ప్లేటు తెచ్చింది. అదే ఎల్పీ. మరుసటి ఏడాది దాని పోటీదారు ఆర్‌సీఏ విక్టర్ నిమిషానికి 45 సార్లు తిరిగే ఏడంగుళాల ప్లేటు తెచ్చింది. కొన్నాళ్లు ఇద్దరూ కొట్టుకున్నారు, చివరికి రాజీ పడ్డారు. పెద్ద కచేరీలు పెద్ద ప్లేటుకి, విడి పాటలు చిన్న ప్లేటుకి. 1952లో ఆర్‌సీఏ అదే చిన్న ప్లేటు మీద ముల్లు నడిచే గాళ్లను దగ్గర దగ్గరగా గీసి, ఒక్కో వైపు ఒక పాట బదులు రెండు పట్టించింది. దానికే ఎక్స్‌టెండెడ్ ప్లే, పొట్టిగా ఈపీ, అని పేరు.

రెండిటికీ వాడింది వినైల్ ప్లాస్టిక్. లక్కలా పగలదు. రాతిపొడి కలపక్కర్లేదు కాబట్టి గరగర తక్కువ. అన్నిటికంటే ముఖ్యం, గాడి సన్నంగా గీయొచ్చు. 78 ప్లేటుకి వాడే ముల్లు మొన వ్యాసార్ధం సుమారు 75 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు). కొత్త ప్లేట్లకి వాడేది సుమారు 25 మైక్రాన్లు. మూడో వంతు.

ఇప్పుడు లెక్క. ఏడంగుళాల ప్లేటు మీద గాడి గీయడానికి పనికొచ్చే పట్టీ ఎంత? బయటి అంచు దగ్గర కొంచెం, మధ్యలో లేబుల్‌కీ దాని చుట్టూ ఖాళీకీ కొంత వదిలేస్తే మిగిలేది ఇంచుమించు 30 మిల్లీమీటర్లు. నిమిషానికి 45 చుట్ల చొప్పున మూడున్నర నిమిషాల ఒక్క పాటకి 157 చుట్లు కావాలి. అంటే పక్కపక్క గాళ్ల మధ్య దూరం సుమారు 0.19 మిల్లీమీటర్లు. హాయిగా సరిపోతుంది. అదే రెండు పాటలు, ఏడు నిమిషాలు పట్టించాలంటే 315 చుట్లు, దూరం 0.1 మిల్లీమీటర్ కన్నా తక్కువ. ఒక వెంట్రుక మందమంత చోటులో గాడి, దాని పక్క గోడ, ఆ గాడి అటూ ఇటూ ఊగే జాగా అన్నీ ఇమడాలి.

ఊగడమే ఇక్కడ అసలు సంగతి. శబ్దం ఎంత గట్టిగా ఉంటే గాడి అంత వెడల్పుగా ఊగుతుంది. అందులోనూ మృదంగం, తబలా డగ్గా లాంటి బరువైన శబ్దాలకి మరీ ఎక్కువ. కాబట్టి గాళ్లు దగ్గరైతే పాట స్థాయి తగ్గించాలి, లేదంటే పక్క గాడిలోకి చొచ్చుకుపోతుంది. బరువు శబ్దాలను ముందే తగ్గించి గీసి, వాయించేటప్పుడు ఆంప్లిఫైయర్‌లో తిరిగి పెంచే పద్ధతి 1950లలోనే ప్రామాణికమైంది. అయినా మొత్తం మీద బేరం మారదు. ఎక్కువ నిమిషాలు కావాలా, ఎక్కువ జోరు కావాలా? రెండూ పూర్తిగా దొరకవు.

మన సినిమా వాళ్లకి మాత్రం ఈ లెక్క అచ్చంగా అతికినట్టు సరిపోయింది. 78 ప్లేటు రెండు వైపులా కలిపి రెండు పాటలు. ఈపీ రెండు వైపులా కలిపి నాలుగు. అంటే ఒక ఈపీ రెండు 78 ప్లేట్లతో సమానం. పాట పొడవు మార్చక్కర్లేదు, ట్యూన్ కట్టే పద్ధతి మార్చక్కర్లేదు. పాత 78 పాటలను కూడా నాలుగేసి చొప్పున ఏరి ఈపీలుగా మళ్లీ వేయొచ్చు, వేశారు కూడా. అందుకే ప్లేటు మారినా పాట మారలేదు. మూడు నిమిషాల ఇరవై సెకన్ల అలవాటు లక్క ప్లేటు నుంచి వినైల్ ప్లేటుకి అలాగే బదిలీ అయింది.

కరెంటు లేని ఊళ్లో

వినైల్ ఇన్ని రకాలుగా మెరుగైతే 78 వెంటనే మాయమై ఉండాలి. అమెరికాలో, ఇంగ్లండ్‌లో 1960 నాటికి దాని పని దాదాపు అయిపోయింది. మన దగ్గర 1960ల చివరిదాకా నడిచింది. బీటిల్స్ పాటలు సైతం 1960ల మధ్యలో ఇండియాలో 78 ప్లేట్ల మీద వచ్చాయంటే విదేశీ కలెక్టర్లు ఇప్పటికీ ఆశ్చర్యపోతారు. అవంటే వాళ్లు పడి చస్తారు కూడా.

కారణం మన పాతకాలపు బుద్ధి కాదు, కరెంటు. 78 గ్రామఫోనుకి కీ ఇచ్చి స్ప్రింగు బిగిస్తే తిరుగుతుంది, శబ్దం బాకా నుంచి నేరుగా వస్తుంది. వైరుతో పనిలేదు. ఈపీ వాయించాలంటే మోటారు కావాలి, ముల్లు కదలికని కరెంటుగా మార్చే పికప్పు కావాలి, ఆంప్లిఫైయర్ కావాలి. కరెంటు రాని ఊళ్లో ఈపీ ఉట్టి ప్లాస్టిక్ బిళ్ల. తర్వాత బ్యాటరీలతో నడిచే, సూట్‌కేసులా మూసుకునే చిన్న ప్లేయర్లు వచ్చాయి. హెచ్ఎంవీ వాళ్ల ఫియస్టా పేరు చెబితే అరవై దాటినవాళ్ల ముఖాలు ఇప్పటికీ వెలుగుతాయి. ఈపీ ఊళ్లలోకి వెళ్లింది అలాంటి పెట్టెలతోనే, మైకు సెట్టు వాళ్ల భుజాల మీదా.

మైకు సెట్టు సంగతి వేరే చెప్పాలి. ఇంట్లో ప్లేయరున్న వాళ్లు తక్కువ. తెలుగు ఊళ్లలో ఎక్కువమంది రికార్డు పాట విన్నది పెళ్లిపందిట్లో, శ్రీరామనవమి పందిరి దగ్గర, జాతరలో, హోటల్లో, ఆట మొదలయ్యే ముందు టూరింగ్ టాకీసు పైన కట్టిన లౌడ్‌స్పీకర్లో. ఘంటసాల ‘నమో వేంకటేశా’ మోగిందంటే టిక్కెట్లు ఇవ్వబోతున్నట్టు లెక్క. అది సినిమా పాట కాదు, ప్రైవేటు రికార్డు. కానీ దాన్ని జనం విన్నది సినిమా హాలు దగ్గరే. ఆ ప్లేట్లు వందల సార్లు మోగేవి, దుమ్ములో, అరిగిన ముల్లు కింద. ఇవాళ పాత ఈపీ దొరికితే పాటకి సమానంగా గరగర వినిపించేది అందుకే. ఆ గరగరలో సగం కంపెనీ తప్పు కాదు, పెళ్లిళ్లది.

నాలుగులో పట్టనివి

1960లలో ఒక తెలుగు సాంఘిక చిత్రంలో ఎనిమిది పది పాటలుండటం మామూలు. పౌరాణికమైతే పాటలకు తోడు పద్యాలు. ఒక ఈపీలో నాలుగే పడతాయి. రెండు ఈపీలు వేస్తే ఎనిమిది. రెండో ఈపీ వేయాలా వద్దా అన్నది వ్యాపారం. ప్లేటుకి మూల అచ్చు గీయడం, దానికి వెండి పూత, దాని మీద నికెల్ పోత, ఆ నికెల్ అచ్చులతో ప్రెస్సు, పైన అట్ట ముద్రణ, ఇంత ఖర్చు కొన్ని వందల ప్లేట్లకే అయితే గిట్టదు. హిందీ సినిమాకి దేశమంతా మార్కెట్టు. తెలుగుకి ఉన్నది తెలుగువాళ్లే. అందుకే పన్నెండంగుళాల ఎల్పీ హిందీలో వచ్చినంత విరివిగా మన దగ్గర చాలాకాలం రాలేదు. తెలుగు సినిమా పాటకి ఇల్లు ఈపీయే.

పైగా రికార్డులు చాలాసార్లు సినిమాకి ముందే బజార్లోకి రావాలి, ప్రచారానికి. అంటే జనానికి ఏది నచ్చుతుందో తెలియకముందే నాలుగు పాటలు ఏరాలి. యుగళగీతాలు, హుషారు పాటలు సులభంగా లోపలికి వెళ్తాయి. కథలో మాత్రమే అర్థమయ్యే పాట, సగంలో మాటలతో తెగిపోయే పాట, తల్లి ఏడ్చే పాట వెనక్కి పోతాయి. నా మటుకు నాకు తెలుగు సినిమా సంగీతానికి జరిగిన పెద్ద నష్టం పద్యాల దగ్గరే అనిపిస్తుంది. పౌరాణికాల్లో ఘంటసాల, మాధవపెద్ది పాడిన పద్యాలు నిమిషం, నిమిషంన్నర ఉంటాయి. ఒక్కో పద్యం ఒక పాట చోటు తినదు, అలాగని నాలుగు పద్యాలు కలిపి ఒక వైపు వేస్తే కొనేవాళ్లు ఎందరన్నది వ్యాపారి ప్రశ్న. కొన్ని ప్రసిద్ధ పద్యాలు ప్లేట్లెక్కాయి. మిగతావి రీలులోనే ఉండిపోయాయి, రీలు పోతే వాటితో పాటు పోయాయి.

వీటిని పట్టుకోవడానికి ఒక మంచి ఆధారం ఉంది, చాలామంది పట్టించుకోనిది. థియేటర్ దగ్గర అమ్మిన పాటల పుస్తకం. నాసిరకం కాగితం మీద, కథాసంగ్రహం చివర ‘మిగతా వెండితెరపై చూడండి’ అని ఆపేసి, ఆ తర్వాత పాటలూ పద్యాలూ అన్నీ అచ్చు వేసేవాళ్లు. ప్లేటు అట్ట వెనక ఉన్న జాబితాని ఆ పుస్తకంతో పోల్చి చూస్తే ఏది ఆగిపోయిందో, ఏ చరణం కోసేశారో తేలిపోతుంది. కొన్నిసార్లు ఉల్టా కూడా జరుగుతుంది. పుస్తకంలోనూ ప్లేటులోనూ ఉన్న చరణం సినిమాలో ఉండదు, ఎడిటింగులో పోయుంటుంది. అప్పుడు దాన్ని కాపాడింది ప్లేటే.

పాశ్చాత్య దేశాల్లో సినిమా సౌండ్‌ట్రాక్ రికార్డంటే నేపథ్య సంగీతానికీ చోటుంటుంది. మన దగ్గర రికార్డంటే పాటలే. సన్నివేశం వెనక వచ్చే వీణ, వయొలిన్ల సంగీతం ఎంత గొప్పదైనా ప్లేటు మీదికి రావడం అరుదు. దానికన్నా మాటలకే ముందు గిరాకీ వచ్చింది. ‘షోలే’ మాటల్ని పాలిడార్ కంపెనీ ఎల్పీగా వేసి బాగా అమ్ముకుంది. మనకి ‘దాన వీర శూర కర్ణ’ (1977) కోసం కొండవీటి వెంకటకవి రాసిన సంభాషణలు రికార్డులై ఊరూరా మైకుల్లో మోగాయి. సినిమా ఒక్కసారి చూసినవాడు కూడా ఆ సంభాషణలు గుక్కతిప్పుకోకుండా చెప్పాడంటే ఆ ఘనతలో రికార్డుకీ వాటా ఉంది.

ఒకే సైజు, మూడు రకాలు

ఏడంగుళాల ప్లేటు కనిపించగానే ఈపీ అనేయడం మామూలే గానీ, అందులో మూడు రకాలున్నాయి. ఒక్కో వైపు ఒక్క పాట మాత్రమే ఉంటే అది ఎస్పీ, 45 వేగం. రెండేసి పాటలుంటే ఈపీ, అదీ 45 వేగమే. 1970ల చివర్లో సూపర్ 7 అని ఇంకోటి వచ్చింది. సైజు అదే, వేగం మాత్రం 33⅓. నెమ్మదిగా తిరుగుతుంది కాబట్టి ఒక్కో వైపు ఇంకో పాట పడుతుంది. ఎల్పీ కొనలేని వాళ్లకి దాదాపు సినిమా పాటలన్నీ ఒకే చిన్న ప్లేటులో. వినడానికి మంచి ఏర్పాటే. కానీ ఊరికే రాలేదు.

ప్లేటు తిరిగే చుట్ల వేగం మారకపోయినా, ముల్లు కింద గాడి జరిగే వేగం బయటి అంచు నుంచి లోపలికి వచ్చేకొద్దీ తగ్గిపోతుంది. 45 వేగంతో తిరిగే ఈపీ బయటి అంచు దగ్గర సెకనుకి సుమారు 40 సెంటీమీటర్ల గాడి ముల్లు కింద నడుస్తుంది. లేబుల్ దగ్గరికి వచ్చేసరికి 25. అదే సూపర్ 7కి బయట 29, లోపల 19. పన్నెండంగుళాల ఎల్పీకి బయట 51 ఉంటుంది. గాడి ఎంత నెమ్మదిగా జరిగితే సన్నటి కీచు శబ్దాలు, స, శ, ష లాంటి ఊష్మాక్షరాలు అంత చిన్న చోటులో ఇరుక్కుంటాయి. ముల్లు వాటిని సరిగా అనుసరించలేదు, చీలిపోయిన శబ్దం వస్తుంది. సుశీల గొంతులో తేటగా వినిపించాల్సిన ‘స’ ఇసక మీద గీసినట్టు రావడానికి కారణం చాలాసార్లు ఇదే. ఈపీలో ప్రతి వైపూ రెండో పాట కొంచెం మసకగా వినిపించడానికీ ఇదే కారణం. కాబట్టి రెండో పాటగా పడటం ఆ పాటకి చిన్న శిక్షే.

ఎల్పీ మన సినిమాలకి మెల్లగా వచ్చింది. ‘శంకరాభరణం’ (1980) లాంటి సినిమా విషయంలో అది అవసరం కూడా. కె.వి. మహదేవన్ సంగీతంలో కీర్తనలూ పాటలూ ఒకదాని వెంట ఒకటి నడిచే ఆ సినిమాని నాలుగు పాటలకి కుదిస్తే దాన్ని విన్నట్టే కాదు. కానీ అప్పటికే క్యాసెట్టు గుమ్మంలో నిలబడి ఉంది. ఫిలిప్స్ కంపెనీ 1963లోనే క్యాసెట్టు తెచ్చినా, మన ఇళ్లలోకి టేప్‌రికార్డర్లు విస్తారంగా వచ్చింది 1980లలో. ఒక క్యాసెట్టులో ఒక సినిమా పాటలన్నీ పడతాయి, చెరిపి మళ్లీ రికార్డు చేసుకోవచ్చు, బస్సులోనూ మోగుతుంది. చిన్న ప్లేటు దానితో ఏ విషయంలోనూ పోటీ పడలేకపోయింది. 1990 నాటికి దాని కథ ముగిసింది.

శ్రుతి ఎందుకు తేడా వస్తుంది?

ఒకే పాట రెండు శ్రుతుల్లో వినిపించడానికి చాలామంది ప్లేయర్ వేగాన్ని తిట్టుకుంటారు. అదీ ఒక కారణమే, పాత ప్లేయర్లలో చక్రాలు అరిగి వేగం మారేది. కానీ పెద్ద కారణం వేరే ఉంది. సినిమా రీలు సెకనుకి 24 ఫ్రేముల చొప్పున నడుస్తుంది. మన టీవీ వాడిన పాల్ పద్ధతి సెకనుకి 25 ఫ్రేములది. సినిమాని టీవీకీ, వీడియో క్యాసెట్టుకీ, తర్వాత వీసీడీ డీవీడీలకీ ఎక్కించేటప్పుడు సులభమార్గంగా 24 ఫ్రేముల రీలుని 25 చొప్పున నడిపించేశారు. బొమ్మలో తేడా కంటికి తెలియదు. శబ్దంలో తెలుస్తుంది. నాలుగు నిమిషాల పాట 3 నిమిషాల 50 సెకన్లకే అయిపోతుంది. శ్రుతి కూడా లేస్తుంది, హార్మోనియం మీద ఒక మెట్టుకీ పక్క మెట్టుకీ ఉన్న దూరంలో దాదాపు 70 శాతం. ఘంటసాల గొంతు సన్నబడుతుంది. ఆ వీడియోలు విని పాట నేర్చుకున్న పిల్లలు స్టేజీ మీద తబలా శ్రుతి కుదరక తికమక పడటం నేను చూశాను.

ఈ విషయంలో మాత్రం ప్లేటుని నమ్మొచ్చు. 45 చుట్లు సరిగ్గా తిరిగే మంచి టర్న్‌టేబుల్ మీద వాయించిన ఈపీ, గాయకుడు పాడిన శ్రుతికి వీడియోకన్నా దగ్గరగా ఉంటుంది. చరణం తక్కువైతే అవ్వొచ్చు, గొంతు మాత్రం సరైన గొంతు. చరణాలన్నీ కావాలంటే రీలుకి వెళ్లాలి, గొంతు కావాలంటే ప్లేటుకి.

మూడో గందరగోళం కూడా ఉంది. అప్పటి తెలుగు పాటలు దాదాపు అన్నీ మోనో, అంటే ఒకే ఛానెల్‌వి. తర్వాత స్టీరియో మోజులో కంపెనీలు అవే పాటలను రెండు ఛానెళ్లుగా చీల్చి, ఒకదాంట్లో కీచు, ఒకదాంట్లో బరువు పెంచి, స్టీరియో పేరుతో మళ్లీ వేశాయి. ఇంకొన్నిటికి ప్రతిధ్వని జోడించారు, డ్రమ్ములు కలిపారు. వీటి గురించి నా అభిప్రాయం అచ్చు వేయదగ్గది కాదు.

ఎవరి పాట?

చేతిలో ప్లేటుంది, కంప్యూటర్‌కి ఎక్కించి నలుగురికీ వినిపించొచ్చా? ఇక్కడ చాలామంది ఒకే సమాధానం కోసం చూస్తారు. కానీ ఒక్క ప్లేటులో మూడు హక్కులు ఉంటాయి. పాటలోని మాటలకి ఒకటి, బాణీకి ఒకటి, రికార్డింగుకి ఒకటి. మన చట్టంలో రికార్డింగు హక్కు, విడుదలైన మరుసటి ఏడాది మొదలు 60 ఏళ్లు. మాటల హక్కు, బాణీ హక్కు వాటిని చేసిన మనిషి చనిపోయిన మరుసటి ఏడాది మొదలు 60 ఏళ్లు.

‘మూగ మనసులు’ 1964 జనవరిలో విడుదలైంది. అందులోని పాటల రికార్డింగు హక్కు గడువు 2024తో తీరిపోయింది. కానీ ఆ పాటల్లో ఆత్రేయ రాసినవి ఉన్నాయి. ఆయన 1989లో పోయారు, కాబట్టి మాటల హక్కు 2049 చివరిదాకా. బాణీలు కె.వి. మహదేవన్‌వి. ఆయన 2001లో పోయారు, అంటే 2061 దాకా. ప్లేటు అందరిదీ అయింది, దాంట్లోని పాట కాలేదు.

ఆ మాటలకీ బాణీకీ యజమాని ఎవరన్నది ఇంకో చిక్కు. నిర్మాత డబ్బిచ్చి చేయించుకున్న పాటకి, వేరే ఒప్పందం లేకపోతే, నిర్మాతే మొదటి హక్కుదారు అని సుప్రీంకోర్టు 1977లో చెప్పింది. నిర్మాతలు ఆ హక్కుల్ని రికార్డు కంపెనీలకి రాసిచ్చేశారు. 2012లో చట్టం మార్చి, సినిమా బయట పాట వాడుకున్నప్పుడు వచ్చే రాయల్టీలో కవికీ సంగీత దర్శకుడికీ ఉన్న వాటాని ఎవరూ రాయించుకోవడానికి వీల్లేకుండా చేశారు. అంతకు ముందు తరం వాళ్లలో చాలామంది అప్పటికే లేరు.

గ్రామఫోన్ కంపెనీ ఇప్పుడు సరిగమ. తన పాత సరుకుని డిజిటల్ చేసి, 2017 నుంచి కార్వాన్ పెట్టెల్లో నింపి అమ్ముతోంది. పాతతరం ఇళ్లలో అది బాగా మోగుతోంది, సంతోషం. కానీ ఆ కంపెనీ చేతికి రాని పాట అందులో ఉండదు. పుస్తకాలను జాతీయ గ్రంథాలయానికి పంపాలని 1954 నుంచి చట్టముంది. ఆ చట్టం రికార్డులకి వర్తించదు. అందుకే అచ్చయిన తెలుగు ప్లేట్లన్నీ ఒకచోట ఉన్న ప్రభుత్వ గది ఏదీ లేదు. ఉన్నవి కలెక్టర్ల బీరువాల్లోనూ, ఆకాశవాణి స్టేషన్లలోనూ, అటకల మీదా చెల్లాచెదురుగా ఉన్నాయి. మద్రాసులో పాత రికార్డులకి పేరుపడ్డ మూర్ మార్కెట్ 1985లో తగలబడిపోయింది.

మీ అటక మీద చిన్న ప్లేట్లుంటే కొన్ని సంగతులు. నిలువుగా పేర్చండి, ఒకదాని మీద ఒకటి పడుకోబెడితే వంగిపోతాయి. అట్ట చినిగినా పారేయొద్దు, గాయకుల పేర్లు సరిగా తెలిసేది చాలాసార్లు దాని మీదే. లేబుల్ చుట్టూ గాడి లేని ఖాళీ పట్టీలో గీసిన చిన్న అంకెలుంటాయి, వాటిని రాసిపెట్టుకోండి. ఇది మొదటి అచ్చా, తర్వాత మళ్లీ వేసిందా అని తెలుసుకోవడానికి అవే మొదటి ఆధారం. 78 ముల్లుతో ఈపీని ఎప్పుడూ వాయించొద్దు, మూడు రెట్ల లావు మొన గాడి గోడల్ని చెక్కేస్తుంది. కంప్యూటర్‌కి ఎక్కించేటప్పుడు స్టీరియో ముల్లు వాడినా తర్వాత రెండు ఛానెళ్లనీ కలిపి మోనో చేయండి. మోనో ప్లేటులో పాట గాడికి అడ్డంగా మాత్రమే ఉంటుంది, దుమ్మూ గీతల చప్పుడు నిలువుగా కూడా ఉంటుంది. రెండు ఛానెళ్లు కలిపితే ఆ నిలువు చప్పుడు దానంతటదే కొట్టుకుపోతుంది. ఇది చేయకుండా ముందే సాఫ్ట్‌వేర్ ఫిల్టర్లు పెడితే గరగరతో పాటు తంబురా మీటూ పోతుంది.